తెలుగు బ్రెయిలీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఎలా వాడాలి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. 54 ఏళ్ళ మనిషికి, చూపు దాదాపు పోయాక, తెలుగు బ్రెయిలీ నేర్పాలి. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదువు. షుగర్ ఉంది. పుస్తకాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు వంటింటి డబ్బాలు, మందులు, ఫోన్ నంబర్లు, చిన్న చిన్న చీటీలు కావాలి. ఏం కొనాలి? ఏ అక్షరాలతో మొదలుపెట్టాలి? చూపున్న మేం ఇంట్లో ఎంతవరకు నేర్చుకోవాలి?

ఆరుచుక్కలు:
గోదారిగట్టు గారూ, ఇక్కడ చాలామంది స్క్రీన్ రీడర్‌తో (తెరమీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) చదువుతారు కాబట్టి బ్రెయిలీ బొమ్మలు పెట్టకుండా చుక్కల అంకెలతోనే రాస్తాను. ఆరు చుక్కలు పట్టే చిన్న చోటుని గడి అంటాం. గడిలో ఎడమ నిలువు వరుస పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుస 4, 5, 6.

మనది భారతీ బ్రెయిలీ. 1951లో దేశభాషలన్నిటికీ ఒకే పద్ధతిగా ఖాయం చేశారు. ఇది అక్షరం ఆకారాన్ని పట్టించుకోదు, ధ్వనిని బట్టి నడుస్తుంది. క తెలుగులోనైనా హిందీలోనైనా 1-3 (అంటే గడిలో 1, 3 చుక్కలు మాత్రమే లేచి ఉంటాయి), ఇంగ్లిష్ కె కూడా అదే. అందుకే పెద్దవాళ్ళకి ముద్రణ అక్షరం వంపులు గుర్తుచేస్తూ నేర్పకండి. శబ్దం చెప్పి చుక్కలు చెప్పండి.

ముద్రణ తెలుగుకీ దీనికీ రెండు పెద్ద తేడాలున్నాయి. ఒకటి, గుణింతం గుర్తులు వేరుగా లేవు. హల్లు రాసి పక్కన అచ్చే రాస్తాం. తెలుగు అన్న మాట ఆరు గడులు: 2-3-4-5, 2-6, 1-2-3, 1-3-6, 1-2-4-5, 1-3-6. అంటే త, ఎ, ల, ఉ, గ, ఉ. హల్లు తర్వాత ఏమీ లేకపోతే అ ఉన్నట్టే.

రెండోది ఒత్తు. ముద్రణలో రెండో హల్లు ఒత్తుగా మొదటి హల్లు కింద పడుతుంది. బ్రెయిలీలో గుర్తు మొదటి హల్లుకి ముందే వస్తుంది, చుక్క 4 ఒక్కటే. అమ్మ: 1, 4, 1-3-4, 1-3-4. ఆ 4 "వెనకాల వచ్చే హల్లుకి అచ్చు లేదు" అని ముందే చెబుతుంది. స్త్రీ: 4, 2-3-4, 4, 2-3-4-5, 1-2-3-5, 3-5. బస్ లాంటి మాటల్లో చివరి పొల్లుకీ ఇదే పద్ధతి: 1-2, 4, 2-3-4. క్ష (1-2-3-4-5), జ్ఞ (1-5-6) మాత్రం ఒక్కో గడిలో సరిపోతాయి. సున్న 5-6. కృ రాయాలంటే క తర్వాత 5, 1-2-3-5.

హిందీ బ్రెయిలీ వచ్చిన టీచర్ దొరికితే ఒక్క విషయం చూసుకోండి. హిందీలో హ్రస్వ ఎ, ఒ అక్కర్లేదు, మనకి ప్రాణం. ఎ 2-6, ఏ 1-5. ఒ 1-3-4-6, ఓ 1-3-5. మెడ, మేడ, కొడి, కోడి అన్నీ ఈ ఒక్క గడి మీదే తేలతాయి.

పలకాస్టైలస్:
కొనాల్సినవి తక్కువే. మొదటి నెలకి ఒక బ్రెయిలీ పలక (కాగితాన్ని మధ్యలో పట్టే, గడులున్న మడత బిళ్ళ), ఒక స్టైలస్ (చుక్కలు నొక్కే మొన ఉన్న పనిముట్టు), మందం కాగితం చాలు. పెర్కిన్స్ అనే బ్రెయిలీ టైపు యంత్రం 11 అంగుళాల వెడల్పు కాగితం మీద వరుసకి 42 గడులు కొడుతుంది, రాసింది అక్కడికక్కడే తడిమి చూసుకోవచ్చు, వేగం కూడా ఎక్కువే. కానీ బరువు దాదాపు ఐదు కిలోలు, ధర కూడా బరువే. డబ్బా మీద లేబుల్‌కి పలకే పనికొస్తుంది.

కాగితం విషయంలో పిసినారితనం వద్దు. జిరాక్స్ కాగితం 70–80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) ఉంటుంది, స్టైలస్ చిల్లులు పొడిచేస్తుంది, నిలిచిన చుక్కలు నాలుగుసార్లు తడిమేసరికి అణిగిపోతాయి. 120 నుంచి 150 జీఎస్ఎం తీసుకోండి. అది అయిపోతే పాత గోడ క్యాలెండర్ల దళసరి నెలకాగితాలు బాగా పనిచేస్తాయి. రాసిన కాగితాలు ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చకుండా నిలబెట్టి పెట్టండి. వర్షాకాలం తేమకి కాగితం మెత్తబడి, పైబరువుకి చుక్కలు చదునైపోతాయి.

రాసే పద్ధతి ఇదీ. పలక బిళ్ళ తెరిచి కాగితం అంచు మడతబందు దాకా జరపండి, వంకరగా ఉంటే కింది వరుసలకి వచ్చేసరికి గడులు తప్పుతాయి. మూసి నాలుగు మూలలూ నొక్కితే అడుగున ఉన్న ముళ్ళు కాగితాన్ని పట్టుకుంటాయి. కుడివైపు చివరి గడిలో మొదలుపెట్టి ఎడమకి రాయాలి, ఎందుకంటే చుక్క కాగితం వెనకవైపు లేస్తుంది, తిప్పి చదువుతాం. స్టైలస్ పిడి అరచేతిలో, చూపుడువేలు దాని తల మీదుగా. నిటారుగా పట్టుకోండి. వాలిస్తే చుక్క గుండ్రంగా లేవదు, ఒకపక్క చిరుగుతుంది. పొడవద్దు, నొక్కండి. సరిగ్గా దిగితే టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. ఎడమచేతి చూపుడువేలు ఇప్పుడు రాస్తున్న గడి పక్కనే ఉండాలి, లేకపోతే మధ్యలో ఎవరైనా పిలిస్తే ఏ గడిలో ఉన్నామో తెలియదు.

తప్పు పడితే కాగితం తిప్పి, ఆ చుక్కని గోరుతోనో స్టైలస్ మొద్దు చివరతోనో గట్టిగా అణచండి. ఇంగ్లిష్‌లో తప్పు అక్షరం మీద ఆరు చుక్కలూ కొట్టేసే అలవాటు కొందరికి ఉంటుంది. తెలుగులో ఆరు చుక్కలంటే ఢ! కాబట్టి ఆ మాట మొత్తాన్ని అలా కొట్టేసి మళ్ళీ రాయడమే మేలు.

సన్నజాజి:
కుడి నుంచి ఎడమకి అంటే ప్రతి అక్షరానికీ రెండు రూపాలు గుర్తుపెట్టుకోవాలా, చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి?

పలకాస్టైలస్:
వద్దండీ, అక్కడే చాలామంది వదిలేస్తారు. "ఎడమ, కుడి" అన్న మాటలే వాడకండి. "మొదటి వరుస 1, 2, 3. రెండో వరుస 4, 5, 6" అనండి. చదివేటప్పుడు వేలికి ముందు తగిలేది మొదటి వరుస. రాసేటప్పుడు స్టైలస్ ముందు వెళ్ళేది మొదటి వరుస. దిశ ఏదైనా అంకెలు మారవు. క ఎప్పుడూ 1-3.

అయితే తారుమారైతే ఏమవుతుందో తెలిసి ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం తేలిక. అద్దంలో తిరగేసిన జంటలు ఇవి: క, ఖ. బ, భ. ల, ళ. న, డ. మ, శ. హ, జ. వ, ణ. ప, థ. ఇ, ఏ. ఎ, ఈ. ఓ, ఔ. నేర్చుకునే మనిషి "కల" రాసి ఇస్తే మీకు "ఖళ"లా కనిపించిందనుకోండి, ఆ మనిషికి అక్షరాలు రాక కాదు, వరుసలు తారుమారయ్యాయి. దిద్దాల్సింది అదొక్కటే.

నల్గొండ_పంతులు:
వర్ణమాల క్రమంలో నేర్పద్దని నా గట్టి అభిప్రాయం. అ తర్వాత ఆ అంటే 1 తర్వాత 3-4-5, వేలికి రెంటికీ పొంతనే లేదు. మొదట మొదటి వరుసలో ఇమిడేవి నాలుగే పెట్టండి: అ (1), బ (1-2), క (1-3), ల (1-2-3). వీటితోనే అల, కల, అలక అన్న మాటలొస్తాయి. మూడో రోజుకే ఒక మాట చదివామన్న ధైర్యం వస్తుంది. తర్వాత మ (1-3-4), న (1-3-4-5), ప (1-2-3-4), ర (1-2-3-5), ఆ (3-4-5), ఇ (2-4), ఉ (1-3-6). ఈ పదకొండింటితో మామ, మాల, నాలుక, కారు, పాలు, పిలుపు, బలపాలు, ఎన్నో మాటలు. మహాప్రాణాలు (ఖ, ఘ లాంటివి) అన్నిటికన్నా చివర.

గడి అంటే ఏమిటో అర్థం కావడానికి ఆరు గుంటల గుడ్ల ట్రే నిలువుగా పెట్టి, గుంటల్లో నిమ్మకాయలు వేసి చూపించండి. రెండు రోజులు దాంతోనే. కానీ మూడో రోజు కూడా దాని మీదే ఉండిపోకండి, అసలు గడి చూపుడువేలి కొనకింద మొత్తం పట్టేంత చిన్నది. ఒకే గడిలో చుక్కకీ చుక్కకీ మధ్య దాదాపు 2.5 మిల్లీమీటర్లే. అక్షరాన్ని ముక్కలుగా లెక్కపెట్టకుండా ఒక్క ఆకారంగా పట్టడం వేలికి అలవాటవ్వాలి.

వేలు కదిలే తీరు ముఖ్యం. ఎడమ నుంచి కుడికి మెత్తగా జారాలి. తెలియని అక్షరం దగ్గర వేలు పైకీ కిందికీ రుద్దడం అందరూ చేసే తప్పు. రుద్దితే చర్మం మొద్దుబారుతుంది, చుక్కలు అరుగుతాయి, ఆకారం చెదురుతుంది. అందని అక్షరం వస్తే రెండు గడులు వెనక్కి వచ్చి మళ్ళీ జారండి. నొక్కినకొద్దీ తెలియదు, తేలికపడితేనే తెలుస్తుంది. రెండు చేతులూ వాడించండి. కుడి చూపుడువేలు వరుస చివరికి వెళ్తుంటే ఎడమది కింది వరుస మొదలు పట్టుకోవాలి.

ఒంటిచుక్కల దగ్గర జాగ్రత్త. 1 ఒక్కటే ఉంటే అ, 4 ఒక్కటే ఉంటే పొల్లు. విడిగా తగిలితే రెండూ ఒకటే. పక్కనున్న గడితో పోల్చుకుంటేనే స్థానం తెలుస్తుంది. మధ్యలో ఆ 4ని వేలు దాటేస్తే భక్తి కాస్తా భకతి అవుతుంది. అందుకే ఒత్తుల పాఠానికి కనీసం వారం ఇవ్వండి. రోజుకి పావుగంట చొప్పున రెండుసార్లు చాలు, గంటసేపు కూర్చోబెడితే వేలు అలిసి ఏమీ పట్టదు.

షుగర్ ఉందన్నారు కదా. రక్తపరీక్షకి చూపుడువేలు పొడవద్దు. ఉంగరపువేలి పక్కభాగం వాడండి, చదివే వేళ్ళని కాపాడుకోండి. వేళ్ళ కొనలు తిమ్మిరిగా ఉంటే రెండు చేతుల్లో ఏ వేలికి బాగా తెలుస్తోందో ఒక్కొక్కటిగా పరీక్షించండి, ఎడమచేతి మధ్యవేలైనా ఫర్వాలేదు. ఏ వేలికీ అందకపోతే గడి ఎడం ఎక్కువుండే పెద్ద బ్రెయిలీ పలకలు ఉన్నాయి, లేబుళ్ళకి అవి చాలు. చేతులు కడిగి పూర్తిగా తుడుచుకుని కూర్చోవాలి. ఎండాకాలం చెమటకి వేలు కాగితానికి అతుక్కుంటుంది, కొద్దిగా టాల్కం పౌడర్ రాస్తే జారుతుంది.

విశాఖ_టెక్:
అడక్కుండా ఉండలేకపోతున్నాను. ఫోన్ అన్నీ చదివి వినిపిస్తోంది. కెమెరా పెడితే డబ్బా మీద రాసింది చెబుతుంది. ఈ వయసులో ఇంత కష్టం అవసరమా?

ఆరుచుక్కలు:
ఫోన్ మానమని ఎవరూ అనరు, రెండూ కావాలి. కానీ ఫోన్ కంపెనీ ముద్రించింది చదువుతుంది. స్టీలు డబ్బాలో పోసిన మినప్పప్పు మీద ఏమీ ముద్రించి ఉండదు. చేతులకి పిండి అంటుకున్నప్పుడు ఫోన్ తియ్యలేరు. పదిమందిలో మందు పేరు ఫోన్ బిగ్గరగా చదవడం అందరికీ ఇష్టం ఉండదు. ఇంకొకటి, చెవితో వినే తెలుగులో అక్షరం కనబడదు. న, ణ తేడా, ఒత్తు ఉందా లేదా అన్నది వినికిడిలో జారిపోతుంది. వేలికింద దాగదు. బళ్ళో చదివే పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం, వినడంతోనే పెరిగిన పిల్లల రాతలో అక్షరదోషాలు కుప్పలుగా ఉంటాయి.

విశాఖ_టెక్:
పిండి చేతుల సంగతి తట్టలేదు. ఒప్పుకుంటాను.

వంటిల్లు_లేబుల్:
డబ్బాల విషయం నేను చెబుతాను. అంటించే పారదర్శక ప్లాస్టిక్ షీటు స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని పలకలో పెట్టేటప్పుడు వెనక కాగితం పైకి, మీ వైపు ఉండాలి. అప్పుడే చుక్క అంటించే ముఖం అవతలికి లేస్తుంది. తిరగేసి పెడితే చుక్కలు గుంటలై చేతికి తెలియవు. నాలుగు పక్కలా ఒక గడి ఖాళీ వదిలి కత్తిరించండి, అంచు దగ్గరే చుక్కలుంటే అక్కడి నుంచే ఊడుతుంది. అంటించేటప్పుడు చుక్కల మీద నొక్కకుండా అంచులు మాత్రం రుద్దండి. స్టీలు డబ్బా అయితే ముందు సబ్బుతో జిడ్డు వదలగొట్టి పొడిగా తుడవాలి.

మూతమీద ఎప్పుడూ అంటించకండి. నాలుగు డబ్బాలు ఒకేసారి తీస్తే మూతలు మారతాయి, ఉప్పు డబ్బాకి పంచదార మూత పడుతుంది. డబ్బా ఒంటికే అంటించండి. రోజూ కడిగే గిన్నెలకి అంటించేవి నిలవవు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క మీద రాసి, చిల్లు పొడిచి, రబ్బరు బ్యాండుతో తగిలించండి. ఎన్నిసార్లు తడిసినా చుక్క చెడదు, పదార్థం మారితే ముక్కని కూడా మార్చుకోవచ్చు.

ఇక తలకిందుల సమస్య. గుండ్రటి డబ్బాని తిరగేసి పట్టుకుంటే శ (1-4-6) కాస్తా ఉ (1-3-6)లా తగులుతుంది. శనగపిండి అనుకోవాల్సింది ఉప్పు అనుకుంటారు. దీనికి మందు: ప్రతి లేబుల్‌కీ కుడి పైమూల ఏటవాలుగా కత్తిరించండి. వేలు ముందు ఆ మూలని వెతుకుతుంది.

పూర్తి పేర్లు అక్కర్లేదు, రెండు మూడు గడులు చాలు. ఒక్క అక్షరంతో సరిపెడితే మాత్రం పప్పూ పసుపూ పంచదారా అన్నీ ప అవుతాయి. కంది: 1-3, 5-6. మినప: 1-3-4, 2-4. శనగ: 1-4-6, 1-3-4-5. పెసర: 1-2-3-4, 1-5. పసుపు: 1-2-3-4, 2-3-4. పంచదార: 1-2-3-4, 5-6. పోపుల పెట్టెలో గిన్నెలకి లేబుల్ వద్దు, జిడ్డుకి నిలవదు. పెట్టె అంచున ఒక్క గుర్తు పెట్టి, అక్కడినుంచి గిన్నెల వరుస ఖాయం చేసుకోవడమే హాయి.

నల్గొండ_పంతులు:
మందులకి మాత్రం రెండక్షరాల పొదుపు వద్దు. పేరు కనీసం మూడు నాలుగు గడులు, ఒక గడి ఖాళీ, మోతాదు, పూట. ఉదాహరణకి మెట్‌ఫార్మిన్ 500, రాత్రి: మెట్, ఖాళీ, 500, ఖాళీ, రా. గడుల్లో: 1-3-4, 2-6, 4, 2-3-4-5-6. తర్వాత 3-4-5-6, 1-5, 2-4-5, 2-4-5. తర్వాత 1-2-3-5, 3-4-5. చీటీ స్ట్రిప్ మీద అంటించద్దు, సగం వాడాక రేకు చిరిగి చీటీ పోతుంది. ఒక్కో మందుకి ఒక్కో చిన్న పర్సు, లేబుల్ పర్సుకి. కొత్త స్ట్రిప్ వచ్చినప్పుడు పాతది పూర్తయ్యాకే అందులో పెట్టాలి, ఆ పెట్టేముందు పేరూ మోతాదూ చూపున్న మనిషో ఫోన్ కెమెరానో ఒకసారి సరిచూడాలి. ఐరోపా యూనియన్ దేశాల్లో మందు పెట్టెల మీద పేరు బ్రెయిలీలో ఉండటం చట్టప్రకారం తప్పనిసరి, అందుకని అక్కడి బంధువులు పంపిన పెట్టెల మీద చుక్కలు తగలచ్చు. అది ఆ దేశపు భాషలో ఉంటుంది, తెలుగు అనుకుని చదవకండి.

సన్నజాజి:
అంకెలు ఎలా? 3-4-5-6 ణ కదా?

ఆరుచుక్కలు:
రెండూ అదే గడి. తెలుగు మాట ణ తో మొదలవదు కాబట్టి మాట మొదట్లో వస్తే అంకె గుర్తు, లోపల వస్తే ణ. ఆ తర్వాత 1 నుంచి 9, సున్నా వరుసగా: 1, 1-2, 1-4, 1-4-5, 1-5, 1-2-4, 1-2-4-5, 1-2-5, 2-4, 2-4-5. ఇవే గడులు మనకి అ, బ, చ, ద, ఏ, గ, హ, ఇ, జ కూడా. 6కి మాత్రం తెలుగక్షరం జతలేదు. కాబట్టి అంకె పక్కన అక్షరం అతికించి రాయకండి. "2గంటలు" అని కలిపి రాస్తే గ కాస్తా 7 అయి 27గా చదువుతారు. మధ్యలో ఒక గడి వదలాలి. ఫోన్ నంబరు ఐదైదు అంకెలుగా విడగొట్టి, రెండో భాగానికి మళ్ళీ అంకె గుర్తు పెట్టండి.

అంకెలు ముందే నేర్పండి, బయట మొదట పనికొచ్చేవి అవే. లిఫ్ట్ బటన్లు, కొత్త రైలు పెట్టెల్లో బెర్తు నంబర్లు. ఓటింగ్ యంత్రం మీద నీలం బటన్ల పక్కన 1 నుంచి 16 దాకా బ్రెయిలీ అంకెలుంటాయి. పోలింగ్ కేంద్రంలో బ్రెయిలీ నమూనా బ్యాలెట్ అడిగి తీసుకుని, అభ్యర్థి క్రమసంఖ్య చదువుకుని, ఆ బటన్ నొక్కచ్చు.

సన్నజాజి:
నోట్ల మీద?

ఆరుచుక్కలు:
నోట్ల మీద బ్రెయిలీ లేదు, ఉబ్బెత్తు గీతలున్నాయి. 100 మీద రెండు అంచుల్లోనూ నాలుగేసి ఏటవాలు గీతలు, 200 మీద నాలుగు గీతలూ మధ్యలో రెండు చుక్కలూ, 500 మీద ఐదు. చేతులు మారి నలిగిన నోటు మీద అవి అరిగిపోతాయి. అప్పుడు పొడవే దిక్కు: కొత్త 100 నోటు 142 మిల్లీమీటర్లు, 200 నోటు 146, 500 నోటు 150. నాలుగు మిల్లీమీటర్ల తేడా విడిగా తెలియదు, రెండూ పక్కపక్కన అంచు కలిపి పట్టుకుంటే తెలుస్తుంది.

విశాఖ_టెక్:
నాకు తెలిసిన వైపు నుంచి కొంచెం. పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చడానికి లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పట్టిక ఉంది, ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ కూడా దాన్నే వాడుకుంటుంది. బ్రెయిలీ డిస్‌ప్లే (తెరమీది రాతని లేచే చుక్కలుగా వేలికి అందించే పరికరం) కలిపాక సెట్టింగుల్లో అవుట్‌పుట్ పట్టిక తెలుగుకి మార్చకపోతే తెలుగు చదవగలిగేలా రాదు. చాలామంది పరికరం పాడైందనుకుంటారు. అసలు తలనొప్పి ఫైలుతో. తెలుగు ప్రచురణల డీటీపీ ఫైళ్ళు ఎన్నో అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు, తెరమీద తెలుగులా కనబడినా లోపల లాటిన్ అక్షరాలే. ముందు యూనికోడ్‌కి మార్చి, ఒత్తులూ సున్నలూ ఒకసారి మనిషి సరిచూసి, అప్పుడు బ్రెయిలీకి పంపాలి. సిద్ధంగా ఉన్న పుస్తకాలకి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో వెతకండి.

పలకాస్టైలస్:
పలకల కోసం సికింద్రాబాద్‌లో జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థ (ఎన్‌ఐఈపీవీడీ) ప్రాంతీయ కేంద్రంలో అడగండి, ప్రధాన సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది. సదరం (వైకల్య) ధ్రువపత్రం దగ్గరుంటే కేంద్రం ఇచ్చే ఎడిప్ పథకం కింద ఉపకరణాలకి దరఖాస్తు పెట్టచ్చు. బ్రెయిలీ రాతలు పోస్టులో పంపడానికి తపాలా ఖర్చు లేదు, 7 కిలోల దాకా. పొట్లం మీద అంధుల సాహిత్యం అని రాసి, విప్పి చూడటానికి వీలుగా కట్టండి, అంటించి మూసేస్తే కౌంటర్‌లో ఒప్పుకోరు.

గోదారిగట్టు గారూ, చివరి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. చూపున్నవాళ్ళు కంటితో చదవడం నేర్చుకుంటే చాలు, వారంలో వస్తుంది. ఒక అట్టమీద 1 నుంచి 6 చుక్కలతో అక్షరాల పట్టిక రాసి ఫ్రిజ్ తలుపుకి పెట్టండి. ఇంట్లో ఒక్కరికి వస్తే సరిపోదు, డబ్బాలు నింపేది ఎవరో లేబుల్ మార్చేదీ వాళ్ళే కావాలి.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. పలక, 150 జీఎస్ఎం కాగితం తెప్పిస్తున్నాం. అ, బ, క, ల తో మొదలు. ఒక సందేహం. వంటిల్లు_లేబుల్ గారు పెసరకి 1-2-3-4, 1-5 అన్నారు. పైన 1-5 అంటే ఏ అని ఉంది కదా?

వంటిల్లు_లేబుల్:
నిజమే, తప్పు రాశాను. 1-5 పెడితే పేసర అవుతుంది. పెసర హ్రస్వం, 1-2-3-4, 2-6. అచ్చువేసుకున్నవాళ్ళు దిద్దుకోండి.

నల్గొండ_పంతులు:
2-6 రాసేటప్పుడు వరుసలు తారుమారైతే ఈ (3-5) వస్తుంది, పీ అని చదువుతారు. అంటించేముందు వేలితో ఒకసారి చదివించండి.